ఖాళీ గడి

తాళ్లరేవు బ్యాంకులో ఫారం నింపుతుంటే
'వృత్తి' దగ్గర పెన్ను ఆగింది.
గడి చిన్నది. అచ్చేసిన మాటలు నాలుగు:
వ్యవసాయం, వ్యాపారం, ప్రభుత్వోద్యోగం, గృహిణి.
"లెక్కలు చేస్తానండి" అన్నాను.
"అకౌంటెంటా?"
"కాదు. పిల్లుల లెక్క."
గుమస్తా కళ్లద్దాలు పైకి నెట్టి
'ఇతరములు' అని తనే రాసేశాడు.

కాకినాడలో స్టాటిస్టిక్స్ చదివినవాళ్లం పదకొండుమందిమి.
ఇద్దరు బీమా కంపెనీలో చావుకి ధర కడుతున్నారు.
ఒకడు వచ్చే నెల బిస్కెట్లెన్ని అమ్ముడవుతాయో చెబుతాడు.
సుభాషిణి ఎన్నికలప్పుడు ఫోనెత్తదు.
నాకు పదకొండు నెలల కాంట్రాక్టు,
మడ అడవిలో ముప్ఫై ఎనిమిది కెమెరాలు,
మోకాళ్లదాకా బూట్లు.
బూట్లు మొదటివారమే బురద ఉంచేసుకుంది.

దోనె ఓలేటి భద్రయ్యది.
పోటుతో లోపలికి, పాటు లాగకముందే బయటికి.
నా టైంటేబుల్ చంద్రుడు రాస్తాడు,
భద్రయ్య చదివి వినిపిస్తాడు.

కార్డుల్లో ఏముంటుంది?
గాలికి ఊగిన తెల్లమడ కొమ్మ, ఆరువందల ఫొటోలు.
పీతలు. నీటికుక్క తోక, సగం.
తేనెకొచ్చినవాడి లుంగీ.
ఎప్పుడో ఓ రాత్రి, రెండూ పదికి,
నీళ్లమీదికి వంగి, చెవులు వెనక్కి మడిచి
బావురుపిల్లి.
దాని ఒంటి మచ్చలే దాని వేలిముద్రలు.
ఒకే పిల్లి నాలుగుసార్లు వచ్చిందా,
నాలుగు పిల్లులు తలోసారి వచ్చాయా?
ఆ తేడాకే నాకు జీతం.

అటవీ అధికారికి ఒక్క అంకె కావాలి.
ఇంతనుంచి ఇంతవరకు, అని నేను రెండిస్తాను.
"తేల్చి చెప్పవేమమ్మా?"
తేల్చకుండా చెప్పడానికే, అయ్యా,
ఆరేళ్లు చదివాను.

మిగతా రాత్రులన్నీ సున్నాలు.
సున్నాల్లో రెండు రకాలని
ఫ్లాస్కు టీ పంచుకుంటూ భద్రయ్యకి చెప్పాను:
పిల్లి లేక పడిన సున్నా ఒకటి,
ఉండీ మనకి చిక్కక పడిన సున్నా ఒకటి.
కాయితమ్మీద రెండూ ఒకటే గుండ్రం.
విడదీయడం నా పని.

అతను తెడ్డు ఆపాడు.
"తుపాను ఏడు మా అన్నయ్యనండి,
కాయితంలో 'కనిపించుట లేదు' అని రాశారు.
పోయాడనలేదు. ఆయ్."
తెడ్డుకంటిన నాచు గోటితో గీకుతూ
"మీ లెక్కలో ఎన్ని రాత్రులు చూసి
లేదనుకోవచ్చండి?"

పిల్లికైతే నా దగ్గర జవాబుంది.
ఉన్నచోట ఏడు రాత్రులకోసారి అగపడేదైతే
ఉండి కూడా వరసగా ఇరవై రాత్రులు దాక్కోవడం
నూటికి అయిదుపాళ్ల లోపు.
అప్పటికీ అది సున్నా కాదు.
ఇదంతా చెప్పాల్సింది.
ఇరవై, అన్నాను, నోరు జారి.

అతని వేళ్లు తెడ్డుమీద కాసేపు కదిలాయి.
"మా వదినకి చెప్పకండి ఈ ఇరవై" అని
నవ్వాడో ఏమో,
మొహం గట్టు వైపుంది.
ఉల్లంకిపిట్టల గుంపొకటి బురదమీంచి లేచింది.
అలవాటుకొద్దీ లెక్కపెట్టబోయి
మానేశాను.

ఆ రాత్రి, ఐసు ఫ్యాక్టరీ మీది అద్దెగదిలో
ముప్ఫై ఒకటో కెమెరా వరస తీశాను.
ఇరవై ఆరు రాత్రులు, ఇరవై ఆరు సున్నాలు.
ఉప్పునీటికి ఉబ్బిన ఫీల్డు పుస్తకంలో
నా దస్తూరీయే ఉంది:
తొమ్మిదో రాత్రితో బ్యాటరీ ఆఖరు.
ఆ తర్వాత అది చూడనే లేదు.
చూడని రాత్రికి సున్నా వేసింది నేను.

పదో గడినుంచి ఒక్కొక్కటే చెరిపాను.
పదిహేడు గడులు.
ఖాళీలున్నాయి, కొనసాగించనా? అంది కంప్యూటరు.
కింద ఐసు దిమ్మ పగిలిన చప్పుడు.
తెల్లవారుజామున పోటు నాలుగున్నరకి.
కొత్త బ్యాటరీలు సంచిలో వేసుకుని వచ్చి
అవును, నొక్కాను.